నేను మెత్తబరిచిన నీళ్ళు

అమ్మకి చెప్పలేకపోయిన ఉద్యోగం

మా అమ్మ బతికున్నంతకాలం నేను చేసే పని ఏమిటో ఆమెకి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. కళింగపట్నం దగ్గర మా పల్లె. అక్కడి నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగి అమ్ముకొచ్చిన మనిషి. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఇదే ప్రశ్న.

"ఇమానం తోల్తావేటే రత్నా?"

"తోలనమ్మా."

"మరి తయారు సేస్తావా?"

"అదీ లేదు."

"మరేటి సేస్తన్నావే అక్కడ?"

"గదిలో ఒక ఉత్తుత్తి విమానం ఉంటుందమ్మా. అది నిజం విమానంలా కదిలేటట్టు చూస్తాను."

"ఉత్తుత్తిదానికి జీతమిస్తారేటి! పోన్లే, ఇస్తన్నారు కదా, నోర్మూసుకుని సెయ్యి," అని కత్తిపీట ముందుకి లాక్కునేది.

నా పూర్తి పేరు నూకరత్నం. విమానం నడపడం నేర్పే యంత్రాలు, అంటే సిమ్యులేటర్ల పనిలో ముప్పై ఏళ్ళకి పైగా ఉన్నాను. ఎక్కువ కాలం బెంగళూరులో, చివరి నాలుగేళ్ళు రాజాంలో. రిటైరై ఏడాది కూడా కాలేదు. ఈ మధ్య ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఇంటికొచ్చి, "మేడం, మేం కూడా ఈ లైన్లోకి వద్దామనుకుంటున్నాం, ఏం చదవమంటారు?" అని అడుగుతున్నారు. ఏం చదవాలో మీ మాస్టార్లు చెబుతారు. నేనెక్కడ తప్పటడుగు వేశానో నేను చెబుతాను. ఎవరి ప్రాణం మీదకీ రాకుండా బయటపడ్డాను కాబట్టే ఇంత నిబ్బరంగా రాయగలుగుతున్నాను. లేకపోతే ఈ కాగితం ముట్టుకునేదాన్నే కాదు.

గెంతు

సిమ్యులేటర్‌ని మేం "పెట్టె" అంటాం. పైలట్ కూర్చునే కుర్చీ, ఎదురుగా పెద్ద తెర, చేతికి స్టిక్, కాళ్ళకి పెడల్స్, వెనక గదిలో కంప్యూటర్లు. స్టిక్ లాగితే విమానం ఎంత లేవాలి, ఎంతసేపటికి లేవాలి అన్నది కొన్ని వందల అంకెలు తేలుస్తాయి. ఆ అంకెలు సరిదిద్దడమే నా ఉద్యోగం. కూర్చుని చేసే పని, వినడానికి చప్పగా ఉంటుంది.

రాజాంలో మేం చేసింది నీటి విమానం పెట్టె. ఈ విమానానికి చక్రాల బదులు రెండు పొడుగాటి ఫ్లోట్లు ఉంటాయి, మూతేసిన పడవల్లాంటివి. ఒక్కో ఫ్లోటు అడుగున, మధ్యలో, చిన్న మెట్టు కోసి ఉంటుంది. మెల్లగా వెళ్ళేటప్పుడు ఫ్లోట్లు నీటిని దున్నుకుంటూ పోతాయి. వేగం పెరిగేకొద్దీ పైకి లేచి, బరువంతా ఆ మెట్టు మీద ఆనించి, నీటి పైపైన జారతాయి. అప్పుడు విమానం ముక్కు ఒక సన్నటి హద్దులో నిలవాలి. కాస్త ఎక్కువ దించినా, ఎక్కువ ఎత్తినా విమానం ముక్కు లేపుతూ కొడుతూ గెంతడం మొదలెడుతుంది. మొదటి గెంతు కన్నా రెండోది పెద్దది, రెండోదాని కన్నా మూడోది. ఆపకపోతే ముక్కు నీళ్ళలో గుచ్చుకుని విమానం బోల్తా కొడుతుంది.

దీనికి మందు ఒక్కటే. రెండో గెంతుకల్లా పవర్ మొత్తం తీసేసి, స్టిక్ పొట్టకి లాక్కుని, కదపకుండా పట్టుకోవాలి. విమానం నీళ్ళలో కూలబడి శాంతిస్తుంది. అలా కాక ముక్కు లేస్తే దించుతూ, దిగితే లేపుతూ చెయ్యాడించారా, మీ చెయ్యే గెంతుని పెంచుతుంది.

ఈ గెంతుని నీళ్ళు ఎంత త్వరగా అణచాలో చెప్పే అంకె ఒకటుంది. దాన్ని డాంపింగ్ అంటారు. అది పెంచితే గెంతు దానంతటదే చచ్చిపోతుంది, నీళ్ళు మెత్తబడినట్టుంటుంది. తగ్గిస్తే నీళ్ళు కరుకెక్కుతాయి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క అంకె గురించే.

కొత్త బూట్లు

బెంగళూరులో నా మొదటి బాసు మాటకి ముందు విసుక్కునే మనిషి. ఆయన పక్కన పనిచేసిన మూడేళ్ళలో ఒక్కసారి కూడా "బాగుంది" అన్న పాపాన పోలేదు. కానీ నాకు పని నేర్పింది ఆయనే.

చేరిన కొత్తలో ఒక పైలట్ వచ్చి పెడల్స్ మరీ బరువుగా ఉన్నాయన్నాడు. నేను వెంటనే అంకె తగ్గించడానికి కూర్చున్నాను. బాసు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పెట్టెలో పైలట్ చేసిన ప్రతి కదలికా గీతలుగా అచ్చవుతుంది. చెయ్యి కదలిక ఒక గీత, కాలిది ఒక గీత, విమానం ముక్కుది ఒక గీత. ఆ కాగితం తెప్పించి చూస్తే, ఆ పెద్దమనిషి రెండు పెడల్స్‌నీ ఒకేసారి నొక్కుతున్నాడు. కొత్త బూట్లు, మడమ దగ్గర కరుస్తున్నాయి, కాళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. బూట్లు విప్పించారు. పెడల్స్ తేలికైపోయాయి.

"పైలట్ చెప్పింది చెవితో విను. పైలట్ చేసింది గీతల్లో చూడు. రెండూ కలవకపోతే అంకె ముట్టుకోకు," అన్నాడు బాసు. ఈ మాట నా కింద పనిచేసిన పిల్లలందరికీ నేనూ వల్లెవేయించాను. తీరా అవసరమొచ్చిన చోట నేనే తుంగలో తొక్కాను.

చిటికెడు చిటికెడు

రాజాంలో మా కంపెనీ యజమాని శ్రీధర్. నలభై ఏళ్ళు దాటని కుర్రాడు, ఈ ఊరివాడే. వాళ్ళ నాన్నగారి గోగునార గొడౌన్ ఖాళీ చేయించి అందులో పెట్టె కట్టాడు. నార ధూళి గోడల్లోంచి ఇంకా పోలేదు, పొద్దున్నే తలుపు తీసినవాళ్ళు పది తుమ్ములు తుమ్మాకే పని మొదలయ్యేది.

పెట్టె ఎలా ఉందో కూర్చుని చెప్పడానికి శ్రీధర్ ఒక పెద్దాయన్ని పట్టుకొచ్చాడు. కెప్టెన్ జోగారావు గారు. డెబ్భై దాటాయి, విజయనగరంలో స్థిరపడ్డారు. దీవుల దేశాల్లో ఏళ్ళ తరబడి నీటి విమానాలు నడిపారు. మల్లెపువ్వులాంటి చొక్కా, చేతిలో ఫ్లాస్కు. ఆయన గొడౌన్‌లో అడుగుపెడితే వెల్డింగ్ పనివాళ్ళు కూడా లేచి నిలబడేవారు. ఆయన మంచివారు. మా తిప్పలకి మూలం ఆయన మంచితనం కాదు, మా మర్యాద.

మొదటి వారంలోనే అన్నారు. "అమ్మా రత్నం, జారేటప్పుడు ముక్కు ఊగుతోంది. నిజం విమానం ఇంత చపలంగా ఉండదమ్మా."

గీతలు తీసి చూశాను. ముక్కు గీత కన్నా ఆయన చేతి గీత ఎక్కువ ఊగుతోంది. ఊపుతున్నది ఆయనే. పెట్టెది తప్పు కాదు.

నాకు కనబడింది. అయినా చెప్పలేదు. నేను బడికెళ్ళే రోజుల నుంచీ నీళ్ళ మీద విమానం దింపుతున్న మనిషితో "సార్, మీ చెయ్యి ఎక్కువాడుతోంది" అని ఎలా అనడం? మన వైపు ఇదొక అలవాటు. కూర బాగోలేదని అత్తగారితో అనం, మజ్జిగ ఎక్కువ పోసుకుని తినేస్తాం. నేనూ అదే చేశాను. డాంపింగ్ చిటికెడు పెంచాను. మర్నాడు, "కాస్త నయం, ఇంకొంచెం ఉంది," అన్నారు. ఇంకో చిటికెడు. రెండు నెలలు ఇలాగే నడిచింది. పెంచిన ప్రతిసారీ, ఇంత చిన్న మార్పు వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను.

ఒకరోజు ఆయన కిందికి దిగి నా భుజం తట్టారు. "అచ్చం నీళ్ళేనమ్మా ఇప్పుడు!" ఆ పూట నేను పొంగిపోయాను. నా కింద పనిచేసే పిల్లలకి మిర్చి బజ్జీలు తెప్పించాను కూడా.

సౌజన్య

పెట్టెలో మొదటగా నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల సౌజన్య. ఇరవై నాలుగేళ్ళు, సాలూరు. మామూలు చక్రాల విమానం నడిపే లైసెన్సు అప్పటికే ఉంది, నీటి విమానానికి మారుతోంది. మా పెట్టెలో ముప్పై ఆరు గంటలు నేర్చుకుని, తర్వాత దూరంగా ఒక జలాశయంలో నిజం విమానం ఎక్కాలి.

మొదటిరోజు వాళ్ళ నాన్న అప్పలనాయుడు తోడొచ్చాడు. ఘాట్ రోడ్ల మీద లారీ తోలే మనిషి. పెట్టె గుమ్మంలో చెప్పులు విడిచి, వంగి లోపలికి తొంగిచూశాడు.

"మేడం, లారీ నేర్పినప్పుడు నాను పక్కన కూకున్నాను. బండి అటూ ఇటూ పోతే సెయ్యేసేవోడిని. రేపు నీలల్లో నా గుంట సౌజన్య పక్కన ఎవులుంటారు?"

"అక్కడ నేర్పే పైలట్ ఉంటారు. ఇక్కడ మేం నేర్పింది కూడా దాంతోపాటు వెళుతుంది," అన్నాను గొప్పగా.

"అయితే మంచిగా నేర్పండమ్మా. నాకొక్కత్తే," అన్నాడు.

సౌజన్య చురుకైన పిల్ల. మా పెట్టెలో ఎప్పుడైనా గెంతు వచ్చినా పవర్ తీసేది కాదు, స్టిక్ కాస్త సర్ది ఊరుకునేది. గెంతు దానంతటదే ఆగిపోయేది. అంత నిదానంగా కూర్చుందని నేనే మెచ్చుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

ఆమె గంటలు పూర్తయ్యాయి. శనివారం నాడు ఇన్స్పెక్షన్ వాళ్ళు వచ్చారు. ఎంత దూరంలో నీటి నుంచి లేస్తుంది, ఎంత వేగంలో మెట్టెక్కుతుంది, అన్నీ కొలిచారు, అన్నీ సరిపోయాయి. గెంతు సంగతికి కెప్టెన్ గారి సంతకం చాలన్నారు. పెట్టె పాసైంది. వచ్చే శుక్రవారం సౌజన్య మొదటిసారి నిజం నీళ్ళ మీద దిగుతుంది. శ్రీధర్ ఆదివారం పొద్దున్నే కుటుంబంతో రామతీర్థం వెళ్ళాడు, మొక్కు తీర్చుకోవడానికి.

బావ

అదే ఆదివారం మా అక్క మొగుడు, రాములు బావ, ఐసు డబ్బాలో చందువా చేపలు పెట్టుకుని బస్సు దిగాడు. బావకి ఇంజిను పెట్టిన ఫైబర్ బోటుంది. నలభై ఏళ్ళుగా సముద్రం మీదే బతుకు.

"ఒసే రత్నా, ఆ ఉత్తుత్తి ఇమానం నాకు సూపించవేటే? రేపు మీ అక్క అడిగితే ఏటి సెప్పాల?"

సెలవురోజు, గొడౌన్‌లో ఎవరూ లేరు. తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. పవర్ ఎలా ఇవ్వాలో, ముక్కు ఎలా దించాలో చూపించాను. తెర మీద నీళ్ళు కదిలేసరికి చిన్నపిల్లాడిలా నవ్వాడు. పావుగంటలో పెట్టెకి నాలుగు వంకలు పెట్టాడు.

అందులో మూడు తప్పు. అలలు చిన్నవన్నాడు, అది జలాశయం, సముద్రం కాదు. మలుపు తిరిగేటప్పుడు బోటులా లోపలికి ఒరగడం లేదన్నాడు, రెండు ఫ్లోట్ల మీద నిలబడ్డ విమానం ఒరగదు. చప్పుడు చాలదన్నాడు, అది స్పీకరు సంగతి. సముద్రం తెలిసినవాళ్ళకి అన్నీ తెలుస్తాయని నేనెప్పుడూ అనుకోలేదు, మీరూ అనుకోకండి. నాలుగో వంక మాత్రం వేరు.

"మరదలా, ముక్కు నొక్కి పరిగెట్టిస్తే నా బోటు ఊరుకుంటాదేటి? ఎగిరెగిరి కొడతాది. నడుం ఇరిగిపోతాది. మూడుసార్లు నొక్కినాను, ఇది సూడు, తొంగున్న గేదెనాగ ఉన్నాది. నీరు కాదే ఇది, పరుపు."

బావని లేపి నేను కూర్చున్నాను. వేగంగా జారుతూ ముక్కు బాగా దించేసి, స్టిక్ వదిలేసి చేతులు కట్టుకున్నాను. నిజం విమానమైతే ఆ పాటికి బోల్తా కొట్టాలి. పెట్టె ఒక్కసారి తలూపి, హాయిగా సర్దుకుని వెళ్ళిపోయింది.

వెనక గదిలోకి వెళ్ళి అంకె చూశాను. లెక్కగట్టి మొదట పెట్టినదానికి దాదాపు మూడింతలుంది. చిటికెడు చిటికెడుగా నేను వేసిందే. సౌజన్య ముప్పై ఆరు గంటలూ ఈ పరుపు మీదే దిగింది. గెంతు వస్తే ఊరుకుంటే చాలు, అదే పోతుంది అని మా పెట్టె ఆ పిల్ల చేతులకి నేర్పింది. శుక్రవారం నాడు ఆ చేతులు ఊరుకుంటాయి. గెంతు ఊరుకోదు.

బయటికొచ్చి ఫోను కోసం సంచిలో వెతికాను. "ఏటయ్యిందే, అలగయిపోనావు?" అని బావ కంగారుపడ్డాడు.

నోరు తెరవడం

శ్రీధర్‌కి ఫోను చేశాను. వెనక గుడి గంటలు వినబడుతున్నాయి.

"మేడం, కొండ మెట్ల మీదున్నాను. ఏటైంది?"

చెప్పాను. గొంతు పెంచాడు.

"నిన్ననే కదా మేడం పాసయ్యాం! ఇప్పుడు అంకె మారిస్తే ఇన్స్పెక్షన్ మళ్ళీ మొదటికొస్తాది. అయినా నిజం విమానంలో నేర్పే పైలట్ పక్కనుంటాడు కదా, ఆయన సూసుకుంటాడు. వచ్చే నెల మెల్లగా మారుద్దాం."

"పక్కాయన చెయ్యి అందేలోపు రెండో గెంతు అయిపోతుంది శ్రీధర్."

వాళ్ళ పాప ఏదో అడుగుతుంటే "ఉండమ్మా" అంటున్నాడు.

"కెప్టెన్ గారికి ఎవరు సెప్తారు?" అన్నాడు చివరికి.

"నేనే."

"ఆయన ఔనంటే ఇన్స్పెక్షన్ వాళ్ళకి నేనే ఫోను చేస్తాను. దాక్కోను మేడం," అన్నాడు. శ్రీధర్‌ని చాలాసార్లు తిట్టుకున్నాను గానీ, ఆ మాటకి మాత్రం అతనికి దణ్ణం పెట్టాలి.

సోమవారం పొద్దున్నే గీతల కాగితాలు చంకన పెట్టుకుని విజయనగరం బస్సెక్కాను. దారి పొడుగునా, ఆయన ఇంట్లో లేకపోతే బాగుండునని కోరుకున్నాను. ఉన్నారు. వరండాలో పేపరు చదువుతున్నారు. కాగితాలు బల్ల మీద పరిచి, మొదటి వారం గీతలు చూపించాను.

"అంటే నా చేతులు పనికిరావంటావు."

"కాదు సార్. నిజం విమానంలో ముక్కు లేవబోతుంటేనే సీటు మీ నడుముకి చెప్పేస్తుంది. మా కుర్చీ కదలదు. కళ్ళతో చూశాకే మీ చెయ్యి కదులుతోంది. ఆ కాస్త ఆలస్యం చాలు, మీరు దించేసరికి అది ఎలాగూ దిగుతూనే ఉంటుంది. ఎవరు కూర్చున్నా అంతే. కుర్చీది తప్పు, నేను నీళ్ళని మార్చాను."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండు గీతల మీదా వేలు నెమ్మదిగా జరిపారు.

"ఇది మొదటి వారంలోనే చూశావు కదా?"

"చూశాను సార్."

"ఎందుకు చెప్పలేదు?"

"మీతో అనడానికి నోరు రాలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. అంత కోపం ఆయనలో నేను ఎప్పుడూ చూడలేదు. "నాకు మర్యాద చేసి ఆ పిల్లని ముంచేద్దామనుకున్నారా మీరంతా? నేనడిగానా మర్యాద? పెట్టె ఎలా ఉందో చూడమని పిలిచారు, నన్నెవరు చూడాలమ్మా?"

తలొంచుకుని నిలబడ్డాను. ఆ వయసులో అంతలా తిట్లు తినడం అదే మొదటిసారి, న్యాయమైన తిట్లు. ఆయన లేచి లోపలికెళ్ళి ఫోను తెచ్చుకుని, నా ఎదుటే జలాశయం దగ్గరి శిక్షణ వాళ్ళకి చేశారు. "నేను సంతకం పెట్టిన పెట్టె తప్పు. ఆ అమ్మాయిని ఈ శుక్రవారం ఎక్కించకండి. ఇంకో వారం ఇవ్వండి," అన్నారు. సంతకం తనది కాబట్టి తప్పు కూడా తనదేనని రెండుసార్లు చెప్పారు. నా పేరు ఎత్తలేదు.

ఈ లైన్లోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగిన ముఖ్యమైన మాట ఇదే. పెద్దవాళ్ళకి కుర్చీ వెయ్యండి, టీ ఇవ్వండి, ఎదురెళ్ళి తీసుకురండి. వాళ్ళ గీత వంకరగా ఉంటే మాత్రం ఆ పూటే చెప్పండి. రెండు నెలలు ఆగి చెబితే అది వాళ్ళకి ఇంకా పెద్ద అవమానం.

కరుకు నీళ్ళు

అంకె మొదటి చోటికి తెచ్చాను. సౌజన్యకి ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడుపు వల్ల కాదు, కోపం వల్ల.

"అయితే ముప్పై ఆరు గంటలూ నేను పరుపు మీద గెంతానా మేడం? మీరు బాగుంది బాగుంది అన్నారు కదా!"

"అన్నాను. తప్పు చేశాను."

"మా నాయిన్తో ఏటి సెప్పాల ఇప్పుడు?"

చెప్పాల్సిన పనిలేకుండా పోయింది, మర్నాడు ఆయనే కూతురిని దింపడానికొచ్చాడు. అప్పటికి శ్రీధర్ కుర్చీ కింద బిగించడానికి ఒక వణికే పరికరం తెప్పించాడు, ఫ్లోటు నీటికి తగిలినప్పుడల్లా కూర్చున్నవాళ్ళ నడుముకి తెలిసేలా. మా పిల్లలు దాన్ని బిగించలేక గంట నుంచీ అవస్థపడుతున్నారు. అప్పలనాయుడు కాసేపు చూసి, "లేవండ్రా బాబూ," అని లారీలోంచి స్పానర్లు తెచ్చుకుని కుర్చీ కింద పడుకున్నాడు. అక్కడ పడుకునే నేను చెప్పిందంతా విన్నాడు. బోల్టు బిగించడం ఆపలేదు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ముందే తెలిసింది కదమ్మా. బేగి నేర్పండి," అన్నాడు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మొదటి రోజు సౌజన్య ఆరుసార్లు బోల్తా కొట్టింది. తెర ఎర్రగా మారి ఆగిపోయిన ప్రతిసారీ స్టిక్‌ని గుద్దేది. చేతులకి ఒకసారి పట్టిన అలవాటు మాటతో పోదు. కెప్టెన్ గారు రోజూ విజయనగరం నుంచి వచ్చి ఆమె వెనక స్టూలు మీద కూర్చున్నారు. ముందు తానే పెట్టెలో కూర్చుని, "చూడమ్మా, నా చెయ్యి ఎలా వెంటపడుతోందో, ఇలా చెయ్యకు," అని తన తప్పునే ఆమెకి పాఠంగా చెప్పారు. ఆయన మీద నాకున్న గౌరవం అంతకు ముందుది వేరు, ఆ రోజు నుంచి వేరు.

మూడో రోజుకి సౌజన్య పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఒకటి. రెండు. తీసెయ్." రెండు అనేలోపు పవర్ పోయి, స్టిక్ పొట్టకి చేరేది. ఆ తర్వాత కెప్టెన్ గారు మాటల్లో పెట్టి, తెర మీద పక్షుల్ని పంపించి, గాలి తిప్పించి ఎన్నిసార్లు మోసం చేసినా చెయ్యి తప్పలేదు. ఏడో రోజు పొద్దున్న ఆమె పెట్టె దిగి, "మేడం, ఈసారి మీరు బాగుందంటే నమ్మను. గీతలు సూపించండి," అంది. చూపించాను. ముక్కు గీత రెండుసార్లు లేచింది, చేతి గీత ఒక్కసారి వంగి, కదలకుండా నిలబడింది. అంత నిండైన గీత నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. అయినా బాగుందని అనలేదు, కాగితం ఆమె చేతిలో పెట్టాను.

ఇన్స్పెక్షన్ మళ్ళీ పెట్టించుకున్నాం, నెల పట్టింది, పాసైంది. అదంతా కాగితాల గొడవ, మీకక్కర్లేదు.

శుక్రవారం

వారం వాయిదా పడ్డ ఆ శుక్రవారం పొద్దున గొడౌన్‌లో ఎవరూ పని చెయ్యలేదు. శ్రీధర్ ఫోను చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. కెప్టెన్ గారు ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నారు, టీ మాత్రం పోసుకోలేదు. నేను తెరకున్న దుమ్ము తుడిచిందే తుడుస్తున్నాను. తొమ్మిదికి మొదలన్నారు. పదైంది, పదిన్నరైంది. నీళ్ళల్లో తలకిందులైన విమానం ఎలా ఉంటుందో ఫొటోల్లో చూసినవన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నేను దేవుణ్ణి ఎప్పుడో గానీ తలవను, ఆ పూట మా ఊరి అమ్మవారిని పేరు పెట్టి పిలిచాను.

పదకొండవుతుండగా నా ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాను. మొదట గిన్నెల చప్పుడు, ఎవరిదో నవ్వు.

"మేడం, నాను. నాలుగుసార్లు దిగాను."

"ఎలా ఉంది? ఏమైనా అయ్యిందా?"

"మూడోసారి పక్కనుంచి ఏదో పడవ ఎల్లింది మేడం. దాని అల తగిలి ముక్కు లేచిపోనాది. పక్కనున్న సారు చెయ్యి ఎయ్యబోయారు. ఒకటి, రెండు, తీసేశాను. కూలబడిపోనాది."

కెప్టెన్ గారు ఫోను మీదకి వంగారు. "చెయ్యి కదిపావా?"

"లేదు సార్. పొట్ట దగ్గరే ఉన్నాది."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేటి మేడం? ఏటీ అవ్వలేదు. మళ్ళీ పవరిచ్చి లేపాను, నాలుగోసారి దిగాను. సారు బాగుందన్నారు. ఇప్పుడు కేంటీన్లో ఇడ్లీ తింటన్నాను."

శ్రీధర్ బల్ల మీద తలపెట్టేసుకున్నాడు. కెప్టెన్ గారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నారు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. గుండె మీది బరువు దిగిపోతుంటే ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"మేడం? మేడం, ఉన్నారా?"

ఆ పిల్లకి చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి.

"ఉన్నానమ్మా," అన్నాను. "తిను. ముందు వేడిగా తిను."